సబ్‌ప్లాన్ చట్టం: శాసనసభ ఇచ్చిన వాటా ఎక్కడ కరుగుతోంది, లెక్క ఎలా అడగాలి

ఏటా రాష్ట్ర బడ్జెట్ రాగానే ఎస్సీ, ఎస్టీల పేరుతో ఒక పెద్ద అంకె బయటికి వస్తుంది. 2025-26 బడ్జెట్‌లో తెలంగాణ ప్రభుత్వం ఎస్సీలకు రూ. 40,232 కోట్లు, ఎస్టీలకు రూ. 17,169 కోట్లు చూపింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎస్సీలకు రూ. 20,281 కోట్లు, ఎస్టీలకు రూ. 8,159 కోట్లు చూపింది. అధికార పక్షం ఈ అంకెల్ని చెప్పి చప్పట్లు కొట్టించుకుంటుంది. ప్రతిపక్షం నిధులు దారి మళ్లుతున్నాయంటుంది. మాలవాడలో, మాదిగవాడలో, గూడెంలో, తండాలో ఉన్నవాళ్లకు మాత్రం ఆ వేల కోట్లు ఏ బడిలో, ఏ ఆసుపత్రిలో, ఏ వీధిలో ఉన్నాయో తెలియదు.

ఆ అంకె వెనుక ఒక చట్టం ఉంది. ఉద్యమం సాధించుకున్న చట్టం అది. అది ఏం చెబుతోంది, విద్య, వైద్యం, కరెంటు, నీళ్లు, రోడ్ల దగ్గర ఎలా పనిచేస్తోంది, ఎక్కడ జారిపోతోంది, శాసనసభను మనం ఏం అడగాలి అన్నది ఈ వ్యాసంలో వివరిస్తున్నాం. మా వాదన ఒక్కటే. ఈ చట్టం నిధుల కేటాయింపును హక్కుగా మార్చింది కానీ, ఖర్చును ఇంకా హక్కుగా మార్చలేదు. ఆ తేడాను పట్టుకోగలిగిన చోటు శాసనసభ. సభ్యుల చేత ఆ పని చేయించాలంటే బడ్జెట్ పుస్తకం మనకు చదవడం రావాలి.

చట్టం ఎలా వచ్చింది

గిరిజన ఉప ప్రణాళిక ఐదో పంచవర్ష ప్రణాళిక కాలంలో, అంటే 1970ల మధ్యలో మొదలైంది. ఎస్సీల కోసం ప్రత్యేక అంగ ప్రణాళిక ఆ దశాబ్దం చివర్లో వచ్చింది. ఆనాడు కేంద్రంలో అధికారిగా ఉన్న పి.ఎస్. కృష్ణన్ ఈ ఆలోచనకు రూపమిచ్చిన వారిలో ముఖ్యులు. జనాభాలో ఎంత శాతం ఉంటే ప్రణాళికా నిధుల్లో అంత శాతం విడిగా పెట్టాలన్నది దీని సూత్రం. అయితే అది ప్రభుత్వ మార్గదర్శకమే తప్ప చట్టం కాదు. పాటించకపోతే అడిగే దిక్కు లేదు. ఆ నిధులు ఇతర పనులకు పోవడం మామూలైంది. ఢిల్లీలో ఎస్సీల కోసం ఉద్దేశించిన వందల కోట్లు కామన్వెల్త్ క్రీడల పనులకు వెళ్లాయని దళిత సంఘాలు బయటపెట్టాయి. అది తప్పేనని 2010లో నాటి కేంద్ర హోంమంత్రి పి. చిదంబరం రాజ్యసభలో ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ అన్యాయం మీద పెద్ద పోరాటమే నడిచింది. కులవివక్ష వ్యతిరేక పోరాట సంఘం వంటి సంఘాలు ఊరూరా తిరిగాయి. మాజీ ప్రధాన కార్యదర్శి కాకి మాధవరావు, మల్లేపల్లి లక్ష్మయ్య వంటివారు లెక్కలతో సహా వాదన నిలబెట్టారు. నాటి ఉప ముఖ్యమంత్రి దామోదర రాజనర్సింహ అధ్యక్షతన మంత్రివర్గ ఉపసంఘం ఏర్పడింది. కిరణ్ కుమార్ రెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా 2012 డిసెంబరు మొదట్లో ప్రత్యేకంగా సమావేశమైన శాసనసభ బిల్లును ఆమోదించింది. 2013 జనవరిలో అది ఆ ఏడాది 1వ నంబరు చట్టంగా అమల్లోకి వచ్చింది. దేశంలో ఒక రాష్ట్ర శాసనసభ ఇలాంటి చట్టం చేయడం అదే మొదలు. తర్వాత కర్ణాటక, ఇంకొన్ని రాష్ట్రాలు ఈ దారిలో నడిచాయి.

చట్టంలో ఏముంది

ముఖ్యమైన విషయాలు ఐదు.

ఒకటి, జనాభా నిష్పత్తిలో కేటాయింపు తప్పనిసరి. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో ఎస్సీలు 15 శాతానికి పైగా, ఎస్టీలు 9 శాతానికి పైగా ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీలు దాదాపు 17 శాతం, ఎస్టీలు 5 శాతానికి పైగా ఉన్నారు.

రెండు, ఎస్సీ, ఎస్టీలకు నేరుగా, లెక్కించి చూపగలిగేలా మేలు చేసే పథకాలే ఇందులో ఉండాలి. మిగతా సమాజంతో ఉన్న అంతరాన్ని తగ్గించడం లక్ష్యం కావాలి.

మూడు, ముఖ్యమంత్రి అధ్యక్షుడిగా రాష్ట్ర మండలి ఉండాలి. అది ఏడాదికి రెండుసార్లు కూర్చోవాలి. దాని కింద నోడల్ సంస్థలు, జిల్లాల్లో పర్యవేక్షణ కమిటీలు పనిచేయాలి.

నాలుగు, అమలు వివరాలు ప్రజలందరికీ అందుబాటులో పెట్టాలి.

ఐదు, ఏటా అమలు ఫలితాల మీద నివేదికను ప్రభుత్వం శాసనసభ ముందుంచాలి. మన సంఘాలు అన్నిటికంటే తక్కువగా వాడుకుంటున్నది ఈ నిబంధననే.

నిర్లక్ష్యం చేసిన అధికారుల మీద చర్య గురించి కూడా చట్టం మాట్లాడుతుంది. అయితే అది శాఖాపరమైన చర్య వరకే. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో విధి నిర్వహణ విస్మరించిన ప్రభుత్వ ఉద్యోగికి జైలు శిక్ష ఉంది. సబ్‌ప్లాన్ నిధులు మళ్లించిన అధికారికి అలాంటి భయం లేదు.

ఏ రూపాయి మన రూపాయి?

చట్టంలో అసలు మెలిక ఖర్చును లెక్కించే పద్ధతిలో ఉంది. ఒక పథకం ఖర్చులో ఎంత భాగాన్ని సబ్‌ప్లాన్ కింద రాసుకోవచ్చో చట్టం విడదీసి చెప్పింది.

కేవలం ఎస్సీ లేదా ఎస్టీ వ్యక్తులకు, కుటుంబాలకు, ఆవాసాలకు పనికొచ్చే పథకమైతే నూటికి నూరు శాతం రాయొచ్చు. ఎస్సీ గురుకులం ఇలాంటిది. అందరితో పాటు మనవాళ్లూ లబ్ధి పొందే సాధారణ పథకమైతే, లబ్ధిదారుల్లో మనవాళ్ల నిష్పత్తి మేరకు రాయొచ్చు. వృద్ధాప్య పింఛను ఇలాంటిది. ఇక విడదీయలేని పెద్ద పనులు ఉన్నాయి. వీటి ఖర్చులో ప్రభుత్వం నిర్ణయించిన భాగాన్ని ఎస్సీ, ఎస్టీలకు కేటాయించినట్టే భావిస్తారు.

మొదటి రకం మీద ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా తర్వాతి రెండింటి మీదే. రూ. 100 కోట్లతో ఒక సాధారణ పథకం నడుస్తోందనుకుందాం. అందులో మనవాళ్లు 17 శాతం ఉంటే రూ. 17 కోట్లు సబ్‌ప్లాన్ పద్దులో పడతాయి. చట్టం లేకపోయినా ఆ పింఛనో బియ్యమో పౌరులుగా మనవాళ్లకు వచ్చేదే. కొత్తగా ఒక్క రూపాయి కూడా చేరకుండానే సబ్‌ప్లాన్ అంకె రూ. 17 కోట్లు పెరిగింది. ఇలాంటి పథకాలు ఎన్ని పెరిగితే అంకె అంత పెరుగుతుంది. వాడకు విడిగా పెట్టాల్సిన సొమ్ము అంత తగ్గుతుంది. నిధులు దారి మళ్లాయంటే ఎవరో దొంగతనంగా ఎత్తుకుపోయారనే అనుకుంటాం. చాలా మళ్లింపు పద్దులు రాసే తీరులోనే, చట్టం తెరిచిన తలుపు గుండానే జరుగుతోంది.

కర్ణాటక అనుభవం ఇక్కడ పనికొస్తుంది. అక్కడి 2013 చట్టంలోనూ ‘ఖర్చయినట్టు భావించే’ నిబంధన ఉండేది. సెక్షన్ 7(డి)గా అది పేరుమోసింది. దళిత సంఘాల ఒత్తిడి వల్ల 2023లో దాన్ని తొలగించారు. అదే ఏడాది సబ్‌ప్లాన్ నిధుల నుంచి రూ. 11 వేల కోట్లకు పైగా ఎన్నికల గ్యారంటీ పథకాలకు కేటాయించారు. అంటే ఒక తలుపు మూసినా, సాధారణ పథకాల తలుపు తెరిచే ఉంది. తెలుగు రాష్ట్రాల్లో సవరణ కోరే వాళ్లు రెండింటి గురించీ అడగాలి.

బడి దగ్గర

విద్యలో సబ్‌ప్లాన్ సొమ్ముకు రెండు ముఖాలున్నాయి. ఒకటి గురుకులాలు, హాస్టళ్లు, స్కాలర్‌షిప్పులు. ఉమ్మడి రాష్ట్రంలో 1980లలో మొదలైన సాంఘిక సంక్షేమ గురుకులాలు వేలాది కుటుంబాల్లో మొదటి తరం చదువుకు ఆధారమయ్యాయి. ఇది స్పష్టంగా మన ఖర్చు, కళ్లకు కనిపించే ఖర్చు. రెండోది మధ్యాహ్న భోజనం, సమగ్ర శిక్ష, తల్లుల ఖాతాలో నగదు వంటి సాధారణ పథకాల్లో మన పిల్లల వాటా. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత చదువు 2009 విద్యా హక్కు చట్టం ఇచ్చిన హక్కు. దాని ఖర్చును అంతరం తగ్గించే ఖర్చుగా చూపడం న్యాయమా అన్నది మన ప్రశ్న.

పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పుల విషయంలో 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం పద్ధతి మార్చింది. ఎస్సీ విద్యార్థుల స్కాలర్‌షిప్పులో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరించాలి. రాష్ట్రం తన వాటాను సకాలంలో ఇవ్వకపోతే విద్యార్థి నలిగిపోతాడు. కోర్సు పూర్తయినా ఫీజు బకాయి ఉందని కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే ఉద్యోగం పోతుంది, పై చదువు ఆగుతుంది. బడ్జెట్‌లో కేటాయింపు కనిపిస్తున్నా సర్టిఫికెట్ చేతికి రావడం లేదంటే, చిక్కు కేటాయింపులో లేదు, విడుదలలో ఉంది.

ఆసుపత్రి దగ్గర

వైద్యంలో అంతరాన్ని కొలిచే కొలమానం ఇప్పటికే ఉంది. మైదాన ప్రాంతంలో 5 వేల మందికి, గిరిజన, కొండ ప్రాంతాల్లో 3 వేల మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం ఉండాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మైదానంలో 30 వేల మందికి, గిరిజన ప్రాంతంలో 20 వేల మందికి ఒకటి ఉండాలి. ఒక మండలంలో ఈ లెక్కకు ఎన్ని కేంద్రాలు తక్కువ, ఉన్నవాటిలో డాక్టరు, ఏఎన్ఎం పోస్టులు ఎన్ని ఖాళీ, అవి ఎస్సీ, ఎస్టీ ఆవాసాలకు ఎంత దూరం అన్నది చూస్తే అంతరం తేలుతుంది.

సబ్‌ప్లాన్ వైద్య పద్దు ఈ అంతరం నుంచి మొదలవదు. ముందు పథకం ఉంటుంది, దాని ఖర్చులో మన శాతం రాస్తారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎందరో పేదల ప్రాణాలు కాపాడింది, అందులో సందేహం లేదు. అయితే అది జబ్బు ముదిరాక పెద్ద ఆసుపత్రికి కట్టే సొమ్ము. గూడెంలో రక్తహీనతతో ఉన్న గర్భిణికి కావాల్సింది నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక నర్సు. ఆసుపత్రి బిల్లు, ఉపకేంద్రం భవనం రెండూ ఒకే పద్దులో రాస్తారు. అంకె మాత్రమే చూస్తే ఆ తేడా కనిపించదు.

కరెంటు, నీళ్లు, రోడ్లు

ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు ఉచిత కరెంటు నూరు శాతం మన ఖర్చు కిందికి వచ్చే పథకం. సబ్‌ప్లాన్ చట్టం వచ్చిన కొత్తలో నెలకు 50 యూనిట్లతో మొదలై, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 200 యూనిట్లకు పెరిగింది. ఇందులో కుటుంబం పేరు ఉంటుంది, మీటరు ఉంటుంది, లెక్క తేలుతుంది.

రోడ్ల దగ్గరికి వస్తే లెక్క మసకబారుతుంది. ఎస్సీ ఆవాసం అంటే ఎస్సీ జనాభా కనీసం 40 శాతం ఉన్న ఆవాసమని చట్టం నిర్వచించింది. ఊరికి ఒక మూల పాతిక ఇళ్ల వాడను ఊరితో కలిపి లెక్కేస్తే 40 శాతం దాటదు. విడి ఆవాసంగా గుర్తిస్తే దాటుతుంది. కాబట్టి సిమెంటు రోడ్డు, మురుగు కాలువ, మంచినీళ్ల ట్యాంకు మన వీధికి వస్తుందా రాదా అన్నది ఆవాసాల జాబితాలో మన వాడ విడిగా ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ఆ జాబితాను పంచాయతీలో చూసుకోవడం మన మొదటి పని.

రెండు రాష్ట్రాలు, రెండు దారులు

2017-18 నుంచి బడ్జెట్లలో ప్రణాళిక, ప్రణాళికేతర అనే విభజన పోయింది. ప్రణాళికే లేకపోతే ఉప ప్రణాళిక ఎక్కడిది అన్న ప్రశ్న వచ్చింది. తెలంగాణ శాసనసభ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం చేసింది. బడ్జెట్‌లోని ప్రగతి పద్దుతో నిష్పత్తిని ముడిపెట్టింది. 2013 చట్టంలో లేని ఒక మేలైన నిబంధన కూడా చేర్చింది. ఖర్చు కాని సొమ్మును మరుసటి ఏడాది భర్తీ చేయాలి.

ఈ భర్తీ ఎలాగో ఒక లెక్కతో చెబుతాం. ప్రగతి పద్దు మొత్తం రూ. 100 అనుకుందాం, ఏడాది చివరికి రూ. 80 ఖర్చయింది. ఎస్సీ నిధి రూ. 20, ఖర్చయింది రూ. 12 మాత్రమే. మొత్తం పద్దు 80 శాతం ఖర్చయింది గనుక ఎస్సీ నిధిలోనూ 80 శాతం, అంటే రూ. 16 ఖర్చు కావాలి. తక్కువ పడిన రూ. 4 మరుసటి ఏడాది కలపాలి. మిగతా రూ. 4 మాత్రం రావు. అంటే ప్రభుత్వం మొత్తం ఖర్చునే తగ్గించుకుంటే మన హక్కు కూడా దాంతో పాటే తగ్గుతుంది. అయినా ఈ నిబంధన విలువైనదే. దీన్ని ఏటా లెక్కగట్టి సభలో అడిగేవాళ్లు కావాలి.

ఆంధ్రప్రదేశ్‌లో పరిస్థితి వేరు. 2013 చట్టానికి పదేళ్ల గడువు పెట్టారు. గడువు ముగిసే రోజుల్లో, 2023 జనవరిలో, ఆర్డినెన్సుతో ఇంకో పదేళ్లు పొడిగించారు. చట్టం బతకడం మంచిదే. కానీ పదేళ్లలో ఎంత కేటాయించారు, ఎంత ఖర్చు చేశారు, ఏ అంతరం ఎంత తగ్గింది అని సభ గడువుకు ముందే చర్చించి, లోపాలు సవరించి పొడిగించి ఉండాల్సింది. ఆ అవకాశం చేజారింది. మళ్లీ గడువు 2033లో వస్తుంది.

శాసనసభ చేతిలో ఏముంది

రాజ్యాంగం 203వ అధికరణం ప్రకారం ప్రతి శాఖ గ్రాంటు డిమాండుకు శాసనసభ ఆమోదం కావాలి. సభ అనుమతి లేకుండా ఖజానా నుంచి పైసా తీయడానికి 266వ అధికరణం ఒప్పుకోదు. 151వ అధికరణం ప్రకారం కాగ్ నివేదికలు సభకు వస్తాయి, వాటిని ప్రజా పద్దుల కమిటీ పరిశీలిస్తుంది. వీటితో పాటు ఎస్సీల సంక్షేమం, ఎస్టీల సంక్షేమం మీద శాసనసభ కమిటీలున్నాయి. అవి అధికారులను పిలిచి అడగగలవు, హాస్టళ్లు చూడగలవు.

వాడుకలో ఏం జరుగుతోంది? డిమాండ్ల మీద చర్చకు కొద్ది రోజులే దొరుకుతాయి. చివరి రోజు మిగిలినవన్నీ చర్చ లేకుండా ఒకేసారి ఓటుకు పెడతారు. సాంఘిక సంక్షేమం పద్దు చర్చకు వచ్చినా, మన వాటాలో పెద్ద భాగం విద్య, వైద్యం, పంచాయతీరాజ్, విద్యుత్ శాఖల్లో చెదిరి ఉంటుంది. ఆ శాఖల చర్చలో సబ్‌ప్లాన్ ఊసు రాదు.

332వ అధికరణం కింద ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 29 ఎస్సీ, 7 ఎస్టీ స్థానాలు, తెలంగాణలో 19 ఎస్సీ, 12 ఎస్టీ స్థానాలు రిజర్వు అయ్యాయి. పార్టీ ఏదైనా ఈ సభ్యుల్ని ఏడాదికి ఒక్క రోజైనా వార్షిక నివేదిక మీద మాట్లాడమని అడిగే హక్కు వాళ్లకు ఓటేసిన మనకుంది.

బడ్జెట్ పుస్తకంలో మన వాటా వెతకడం

విద్యార్థులకు ఇది ఒక్క సాయంత్రంలో వచ్చే పని. బడ్జెట్ పద్దులకు అంకెల పేర్లుంటాయి. 2202 సాధారణ విద్య. 2210 వైద్యం, ప్రజారోగ్యం. 2215 తాగునీరు, పారిశుద్ధ్యం. 2225 ఎస్సీ, ఎస్టీ, బీసీ సంక్షేమం. 2801 విద్యుత్తు. 3054 రోడ్లు, వంతెనలు. భవనాల వంటి పెట్టుబడి ఖర్చుకు విద్యలో 4202, వైద్యంలో 4210. ఏ పద్దు కిందనైనా 789 అనే చిన్న పద్దు కనిపిస్తే అది ఎస్సీ వాటా. 796 అయితే ఎస్టీ వాటా.

ఇప్పుడు అడ్డంగా చదవాలి. 2025-26 పుస్తకంలో నాలుగు నిలువు వరుసలుంటాయి. 2023-24 అసలు లెక్కలు, 2024-25 బడ్జెట్ అంచనా, 2024-25 సవరించిన అంచనా, 2025-26 అంచనా. పత్రికల్లో వచ్చేది చివరి వరుస. మనకు కావాల్సింది మొదటి వరుస. దాన్ని రెండేళ్ల కిందటి పుస్తకంలోని అంచనాతో పోల్చాలి. అప్పుడే చెప్పినదెంత, చేసినదెంత అన్నది తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. ‘ఖర్చు’ అని రాసినదంతా లబ్ధిదారుకు చేరిందని కాదు. శాఖ నుంచి కార్పొరేషన్‌కో, వ్యక్తిగత డిపాజిట్ ఖాతాకో సొమ్ము బదిలీ అయినా పుస్తకంలో ఖర్చుగానే కనిపిస్తుంది. అందుకే పద్దును క్షేత్రంతో సరిచూడాలి.

ఇంకో లోటు కూడా ఉంది. ఎస్సీలలోని వివిధ సామాజిక వర్గాల మధ్య సమానత్వం చూడాలని చట్టమే చెబుతోంది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఉపవర్గీకరణను సమర్థించింది. 2025లో తెలంగాణ శాసనసభ రిజర్వేషన్ల వర్గీకరణ చట్టం చేసింది, ఆంధ్రప్రదేశ్ కూడా వర్గీకరణ తెచ్చింది. అవి చదువులో, ఉద్యోగాల్లో రిజర్వేషన్లకు సంబంధించినవి. నిధులు ఏ ఉపకులానికి ఎంత చేరాయో చెప్పే లెక్క 789 పద్దులో ఉండదు. డక్కలి, రెల్లి, బుడగ జంగం కుటుంబానికి ఏమైనా అందిందా అని అడిగితే ఆ పుస్తకం జవాబు చెప్పదు.

అడగాల్సిన ప్రశ్నలు

సమాచార హక్కు దరఖాస్తులోనైనా, ఎమ్మెల్యే చేతికిచ్చే ప్రశ్నలోనైనా ఇవి ఉండాలి.

1. గత మూడేళ్లలో ముఖ్యమంత్రి అధ్యక్షతన రాష్ట్ర మండలి ఏయే తేదీల్లో సమావేశమైంది? తీర్మానాల ప్రతులు ఇవ్వండి.

2. వార్షిక నివేదికను ఏ తేదీన శాసనసభ ముందుంచారు?

3. మన జిల్లాలో ఏడాది వారీగా 789, 796 పద్దుల కింద కేటాయింపు, విడుదల, ఖర్చు ఎంత?

4. అందులో నూరు శాతం ఎస్సీ, ఎస్టీలకే చెందిన పథకాలకు ఎంత, సాధారణ పథకాల్లో వాటాగా ఎంత, విడదీయలేని పనుల పేరుతో ఎంత?

5. మండలంలో 40 శాతం నిర్వచనం కిందికి వచ్చే ఆవాసాల జాబితా ఏది? అందులో మన వాడ ఉందా?

6. తెలంగాణలో అయితే, గత ఏడాది తక్కువ పడిన సొమ్ము ఎంత, ఈ ఏడాది దేనికి కలిపారు?

నాలుగో ప్రశ్నకు జవాబు రాబట్టడం కష్టం, కానీ అన్నిటికంటే విలువైనది అదే. జిల్లాకు ఒక విద్యార్థి బృందం ఈ జవాబుల్ని ఏటా ఒకే పట్టికలో రాసిపెడితే కొన్నేళ్లకు ఏ ప్రభుత్వమూ కాదనలేని సాక్ష్యం మన చేతిలో ఉంటుంది. 2033లో ఆంధ్రప్రదేశ్ సభ ఈ చట్టాన్ని మళ్లీ తెరిచేనాటికి ఆ పట్టికలు సభ్యుల బల్లల మీద ఉండాలి. సాధారణ పథకాల వాటాకు హద్దు, మిగిలిన సొమ్ము భర్తీ, మళ్లించిన అధికారికి శిక్ష, వార్షిక నివేదిక మీద తప్పనిసరి చర్చ అన్న నాలుగు సవరణలూ ఆ లెక్కల బలంతోనే అడగాలి. ఆ పని వచ్చే బడ్జెట్ పుస్తకంతోనే మొదలుపెట్టవచ్చు.